మాటలు పోయిన మాస్టారు, పరలోక ప్రార్థన: ఒక కాపరి కేస్ స్టడీ

నేను గోదావరి డెల్టాలో ఒక లూథరన్ క్రైస్తవ సంఘానికి కాపరిని (పాస్టర్‌ని). వారంలో రెండు రోజులు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి రోగుల దగ్గర కూర్చుంటాను, అడిగినవాళ్ల కోసం ప్రార్థన చేస్తాను. పక్షవాతం వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. అయితే చిన్నబిడ్డలా దేవుని మీద ఆధారపడటం గురించి నేను అన్నేళ్లుగా చెబుతూ వచ్చిన ప్రసంగాలన్నిటినీ మళ్లీ తీసి చూసుకునేలా చేసింది ఈ ఒక్క కేసు. ఆసుపత్రులకు వెళ్లే తోటి కాపరులకు, ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకుంటున్న విశ్వాసులకు పనికొస్తుందని రాస్తున్నాను. మాస్టారు, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. బయటపెట్టే ముందు ఆయనకు చదివి వినిపించాను కూడా.

ఆయన ఎలాంటి మనిషి

అరవై ఏడేళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లకు పైగా మా సంఘం జమాఖర్చులు ఆయనే రాశారు. కానుకల పెట్టెలో పడిన రూపాయి నాణెం కూడా ఆయన పుస్తకంలోకి ఎక్కకుండా ఉండదు. ఆదివారం పెద్దల క్లాసు ఆయనదే. ఆయన ప్రార్థన చేస్తే పావుగంటకు తక్కువ ఉండదు. ఎక్కడా తడబడరు, ఒక మాట రెండోసారి రాదు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా, సైకిలు. ఎవరింట్లోనూ కాఫీ తాగరు. తాగితే మర్నాడు ఏదో ఒకటి పట్టుకెళ్లి ఇచ్చేవారు.

జమాఖర్చుల పుస్తకం మొదటి పేజీలో ఆయన సొంత దస్తూరీతో రోమా పత్రికలోని ఒక వాక్యం ఉంటుంది: "మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు." ఆ వాక్యం పూర్తిగా చూస్తే "ఒకని నొకడు ప్రేమించుట విషయములో తప్ప" అని మొదలవుతుంది. ఆ ముందు భాగం ఆయన రాసుకోలేదు. ఆ సంగతి నేను గమనించింది చాలా ఆలస్యంగా.

సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక తెల్లవారుజామున బాత్‌రూంలో పడిపోయారు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దాంతోపాటు మాట పోయింది. దీన్ని డాక్టర్లు ఎఫేసియా అంటారు. ఎదుటివాళ్లు చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమవుతుంది, చెప్పాల్సింది లోపల ఉంటుంది, మాట మాత్రం దొరకదు. మంచినీళ్లు కావాలని "ఆ... ఆ..." అంటూ చేత్తో గాలిలో ఏదో రాస్తారు. మనకు అర్థం కాకపోతే కళ్లు మూసేసుకుంటారు.

నేను చేసిన పొరపాటు

ఆరో రోజు ఆసుపత్రికి వెళ్లాను. నేను లోపలికి వెళ్లేసరికి ఒక నర్సు ఆయనకు స్పూనుతో జావ పెడుతోంది. "తాతా, ఆ... అను. నోరు తెరువు. గుడ్ బాయ్!" అంటోంది. ఆ అమ్మాయిది మంచి మనసే. కానీ ఆయన వందలమంది పిల్లలకు బీజగణితం నేర్పిన మనిషి. గదుమ మీద కారిన జావను తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తబోతే, "వద్దు వద్దు, నేను తుడుస్తాగా" అని ఆ చేతిని కిందికి పెట్టేసింది.

నేను అదంతా చూసి కూడా బైబిలు తెరిచి మత్తయి సువార్త 18వ అధ్యాయం చదివాను. "మీరు మార్పునొంది బిడ్డలవంటి వారైతేనే గాని పరలోకరాజ్యములో ప్రవేశింపరు." చదివి, "మాస్టారూ, ఇప్పుడు దేవుడు మిమ్మల్ని తన చేతుల్లో పసిబిడ్డలా పడుకోబెట్టుకున్నాడు" అన్నాను. తర్వాత పది నిమిషాలు ప్రార్థన చేశాను.

కళ్లు తెరిచి చూస్తే ఆయన ముఖం గోడవైపు తిరిగి ఉంది.

వరండాలో అమ్మగారు (మాస్టారి భార్య) నన్ను ఆపి, "అయ్యగారూ, ఏమీ అనుకోకండి. పొద్దుట్నుంచి అందరూ ఆయన్ని చంటిపిల్లాణ్ణి చేసేశారు. మీరూ అదే అన్నారు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ రాత్రి సువార్తలు మళ్లీ చదివాను. మార్కు 10లో కొందరు పిల్లల్ని తీసుకొస్తే శిష్యులు గద్దించారు. ఆ రోజుల్లో పిల్లలకు సభలో చోటు లేదు, మాటకు విలువ లేదు. యేసు వాళ్లను ముద్దుమాటలతో చిన్నబుచ్చలేదు. వాళ్లను అడ్డుకున్న పెద్దల మీద కోపపడ్డాడు, పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని ఆశీర్వదించాడు. విలువ లేదన్నవాళ్లకు విలువ ఇచ్చాడు. నేను ఆ వాక్యాన్ని తిరగేసి, అప్పటిదాకా ఉన్న విలువ పోయిన మనిషి మీద బరువుగా పెట్టాను. దేవుని ముందు బిడ్డగా ఉండటం ఒకటి, మనుషులు మనల్ని పిల్లాడిగా చూడటం ఇంకొకటి. మొదటిది విశ్వాసం, రెండోది అవమానం. మంచం మీద ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకే గదిలో, ఒకే గంటలో ఎదురవుతాయి. వాటిని విడదీసి చూపించడం కాపరి పని. నేను ఆ పని చెయ్యలేదు.

ఇంకో మాట. లూకా సువార్త ఇదే సంఘటన చెబుతూ చంటిపిల్లలకు వాడే గ్రీకు మాట వాడింది. చంటిపిల్ల చేసేది ఏడవడం, పుచ్చుకోవడం. తిరిగి ఇవ్వడం దానికి తెలియదు. "చిన్నబిడ్డవలె దేవుని రాజ్యము అంగీకరింపనివాడు" అన్నప్పుడు యేసు చెప్పింది ఈ పుచ్చుకోవడం గురించే అని నా నమ్మకం. అమాయకత్వం గురించి కాదు, పిల్లలు ఎంత అమాయకులో ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా తెలుసు. మాస్టారికి చేతకానిది కూడా సరిగ్గా ఇదే. ఆయన జీవితమంతా ఇచ్చారు. పుచ్చుకోలేదు.

ఇంటికి వచ్చాక

పన్నెండో రోజున ఇంటికి పంపారు. ఆ తర్వాతి మూడు వారాలు చాలా కష్టంగా గడిచాయి. తినేవారు కాదు. రాత్రి నిద్ర లేదు. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వస్తే కాలు బిగబట్టుకునేవారు. సంఘం పెద్దలు చందాలు పోగుచేసి ఒక కవరులో 18,400 రూపాయలు తీసుకెళ్లారు. ఆయన ఎడమచేత్తో ఆ కవరును మంచం మీంచి కిందికి తోసేశారు. ప్రభు భోజనం ఇంటికి తీసుకెళ్తాను అన్నా తల అడ్డంగా ఊపారు.

ఇక్కడ ముందుగా డాక్టరు గారితో మాట్లాడాను. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. దాన్ని విశ్వాసం తగ్గడంగా లెక్కవేసి వాక్యాలతో తోమడం నేరం అంటాను నేను. డాక్టరు గారు చూసి మందు మొదలుపెట్టారు. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పారు.

ఇదే సమయంలో ప్రార్థన కోసమని బయటి ఊరి నుంచి వచ్చిన ఒకాయన అమ్మగారితో, "చిన్నపిల్లల్లా నమ్మితే మందులతో పనేముంది? బిళ్లలు ఆపండి, లేచి నడుస్తారు" అని చెప్పి వెళ్లారు. పాపం ఆవిడ ఒక పూట రక్తం పలచబడే బిళ్ల వెయ్యలేదు. టెన్షన్‌తో నాకు ఫోన్ చేశారు. నేను సైకిలు తీసి అప్పటికప్పుడు వెళ్లాను. 1529లో మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథర్ రాసిన చిన్న కాటికిజం (విశ్వాస విషయాలను ప్రశ్న-జవాబులుగా నేర్పే పుస్తకం) మా ఇళ్లలో పిల్లలకు కన్ఫర్మేషన్ క్లాసుల్లో నేర్పుతాం. ఆవిడా చదువుకున్నదే. అందులో "మా అనుదినాహారము" అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబుగా లూథర్ తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు మొదలుకొని మంచి వాతావరణం, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మకమైన పొరుగువాళ్లు దాకా వరసపెట్టి చెబుతాడు. "అమ్మగారూ, ఈ బిళ్ల కూడా ఆ ఆహారంలోదే. రోజూ పొద్దున దేవుడి చేతి నుంచి తీసుకున్నట్టు తీసుకుని వెయ్యండి" అన్నాను. ఆవిడ నా ముందే నీళ్లు తెచ్చి వేశారు. దుష్టత్వం విషయంలో శిశువుల్లా ఉండమన్న అపొస్తలుడు పౌలే అదే చోట కొరింథీయులకు "బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి" అని రాశాడని ఆ ఊరి మనిషికి ఎవరైనా చెప్పాలి.

నేను మార్చుకున్న పద్ధతి

మొదట, మాట్లాడటం తగ్గించాను. అవును కాదు అని తలతో చెప్పగలిగే ప్రశ్నలే అడిగేవాణ్ణి. జవాబు వచ్చేదాకా ఆగేవాణ్ణి. ఒక్కోసారి పూర్తి నిమిషం పట్టేది. ఎఫేసియా ఉన్నవాళ్ల దగ్గర ఇది ఎవరైనా నేర్చుకోవాల్సిన పని, మనం ఖాళీని నింపేస్తే వాళ్ల మాట ఇంకెప్పుడూ బయటికి రాదు.

ఇంట్లోవాళ్లతో కూర్చుని, ఆయనకు ఏం చెయ్యాలన్నా ముందు అడగమని చెప్పాను. స్నానం చేయించడానికి వచ్చే కుర్రాడు ఒకప్పుడు ఆయన శిష్యుడే. నైట్‌ప్యాంటు తొడిగేస్తే సులువని అలాగే చేస్తున్నాడు. అమ్మగారు బీరువాలోంచి పంచె తీసి, "కట్టమంటారా?" అని అడిగితే మాస్టారు తల ఊపారు. కుర్రాడికి కట్టడం రాలేదు. కుచ్చిళ్లు ఎలా పెట్టాలో మాస్టారే ఎడమచేత్తో సైగలు చేసి నేర్పించారు. రెండు రోజులు పట్టింది.

తర్వాత ప్రశాంతంగా ఉండండి అని చెప్పడం మానేసి, 13వ కీర్తన చదివాను. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆ కీర్తనలో దావీదు ఈ ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతాడు. మాస్టారు ప్రతిసారీ ఎడమ పిడికిలితో మంచం పట్టె మీద కొట్టారు. ఆ తర్వాత పెద్దగా ఏడ్చారు. పక్షవాతం తర్వాత ఏడుపు అదుపు తప్పడం కూడా జబ్బులో భాగం కావచ్చు. కానీ ఈ ఏడుపు ఎటువైపు వెళ్తోందో ఆ గదిలో ఉన్న మాకు తెలిసింది. చంటిపిల్ల తల్లిని నమ్ముతుంది అనడానికి మొదటి గుర్తు నిద్ర కాదు, ఏడుపు. వినేవాళ్లు లేరనిపిస్తే పిల్లలు ఏడుపు మానేస్తారు. అందుకే గోడవైపు తిరిగి మౌనంగా ఉన్న మాస్టారిని చూసినప్పటి కంటే, పట్టె మీద కొడుతున్న మాస్టారిని చూసినప్పుడే నాకు ధైర్యం వచ్చింది. తల్లి దగ్గర నిమ్మళంగా ఉన్న బిడ్డ గురించి చెప్పే 131వ కీర్తనలోని పిల్ల కూడా పాలు విడిచిన పిల్ల. పాలు మాన్పించేటప్పుడు ఇంట్లో ఎన్ని రాత్రుల ఏడుపు ఉంటుందో తల్లుల్ని అడగండి. ఆ నిమ్మళం దాని తర్వాతిది.

పరలోక ప్రార్థన

అయిదో వారంలో జరిగింది ఇది. నేను సొంత మాటల ప్రార్థన మానేసి, మా ఆరాధనలో ప్రతి ఆదివారం చెప్పేదే మొదలుపెట్టాను. "పరలోకమందున్న..." అన్నానో లేదో, "మా తండ్రీ" అని ఆయన గొంతు వినిపించింది. బొంగురుగా, కానీ స్పష్టంగా. "నీ నామము పరిశుద్ధపరచబడు గాక, నీ రాజ్యము వచ్చు గాక" దాకా నాతో కలిసి వచ్చారు. అమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. నెలకు పైగా ఆ ఇంట్లో వినపడని గొంతు అది.

దీన్ని అద్భుతం అని సంఘంలో చాటొద్దని అమ్మగారికి చెప్పాను. స్పీచ్ థెరపీ చేసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. సొంతంగా మాట కూర్చుకోలేనివాళ్లలో కూడా బాగా నలిగిన వరసలు మిగిలి ఉంటాయి: అంకెలు, వారాల పేర్లు, పాటలు, కంఠతా వచ్చిన ప్రార్థనలు. మర్నాడు ఆయన చిన్నప్పటి కీర్తన ఒకటి మొదలుపెడితే పల్లవి మొత్తం పాడారు. అద్భుతం అనకపోయినా నేను దీన్ని కృప అంటాను. ఆయన పావుగంట ప్రార్థనలు, అందరం మెచ్చుకున్న ఆ వాక్యాలు, ఒక్కటీ మిగల్లేదు. ఏడేళ్ల వయసులో వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది మిగిలింది. ఆయన సొంతంగా కూర్చుకున్నవి పోయాయి, ఆయనకు ఎవరో ఇచ్చినది మిగిలింది.

రోమా 8వ అధ్యాయం ఆ రోజు నుంచి నాకు వేరేగా వినిపిస్తోంది. 15వ వచనంలో మనం "అబ్బా తండ్రీ" అని మొరపెడతాం అంటాడు పౌలు. 26వ వచనానికి వచ్చేసరికి మనకు ఎలా ప్రార్థించాలో తెలియదని, ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని అంటాడు. బిడ్డ పిలుపు, మాట రాని మూలుగు రెండూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉన్నాయి. "అబ్బా" అనేది చంటిపిల్లల ముద్దుమాట అని మనం ప్రసంగాల్లో చెబుతుంటాం. పెద్దయిన కొడుకులు కూడా తండ్రిని అలాగే పిలిచేవారు. సువార్తల్లో యేసు నోట ఆ మాట ఒక్కచోటే ఉంది, గెత్సేమనేలో, గిన్నె తొలగించమని అడిగినప్పుడు. ఆ గిన్నె తొలగలేదు. మాస్టారికి ఇది చెప్పాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశారు.

కవరు

ఆ కవరు నెలన్నర పాటు బీరువాలో ఉండిపోయింది. మందుల ఖర్చు పెరుగుతోంది. అమ్మగారు గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధమయ్యారు.

మాస్టారికి జార్జ్ ముల్లర్ అంటే ప్రాణం. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేలాదిమంది అనాథల్ని పెంచిన ఆయన, ఏ మనిషినీ డబ్బు అడగకుండా దేవుణ్ణే అడిగాడు. మా డెల్టాకు ఆ కుటుంబంతో చుట్టరికం లాంటిది కూడా ఉంది. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరే నరసాపురం ప్రాంతంలో బ్రదరన్ సంఘాలు మొదలుపెట్టారు. మాస్టారు ప్రతి క్లాసులో ఏదో ఒక వంకతో ముల్లర్ పేరు తెచ్చేవారు. "చేయి చాచలేదు ఆ మహానుభావుడు" అనేవారు.

ఒక సాయంత్రం నేను అడిగాను. "మాస్టారూ, ముల్లర్ ఎవరినీ అడగలేదు, నిజమే. కానీ ఎవరైనా ఇస్తే తోసేశాడా?" ఆయన ఆలోచించి తల అడ్డంగా ఊపారు. "పెన్నీలు ఇచ్చిన పేదవాళ్ల దగ్గర కూడా పుచ్చుకున్నాడు కదా. పుచ్చుకుని ఏం చేశాడు?" ఆయన ఎడమచేత్తో గాలిలో రాశారు. రసీదు. ముల్లర్ ప్రతి కానుకకూ రసీదు ఇచ్చాడు, ఏటా లెక్కలు అచ్చు వేయించాడు. అన్నేళ్లూ లక్షలాది పౌన్లు పుచ్చుకున్న మనిషి ఆయన.

మాస్టారు వేలితో బీరువా చూపించారు. అమ్మగారు కవరు తెచ్చారు. ఆయన చూపు జమాఖర్చుల పుస్తకం వైపు తిరిగింది. నేను ఒక పెన్ను ఎడమచేతిలో పెట్టాను. వంకర అక్షరాలతో, మధ్యలో రెండుసార్లు ఆగి, "అందినది 18,400" అని ఒక కాగితం మీద రాసి కింద గీత గీశారు. అది రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ కాగితం ఇప్పుడు సంఘం ఫైల్లో ఉంది. మొదటి పేజీలోని వాక్యం ముందు భాగాన్ని నేను అప్పుడే ఆయనకు చదివి వినిపించాను. ప్రేమ బాకీ ఒక్కటి తీరకుండా ఉండొచ్చు.

ఆ ఆదివారం సాయంత్రం ప్రభు భోజనం తీసుకెళ్లాను. బల్ల దగ్గర మోకాళ్లూని, కుడి చెయ్యి చాచి పుచ్చుకునే మనిషికి ఇప్పుడు కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో పుచ్చుకోవడం ఆయనకు తప్పుగా అనిపించిందని అప్పటికి నాకు తెలిసింది. ఎడమ చేత్తో ఇవ్వడం, తీసుకోవడం మన ఇళ్లలో ఒప్పుకోం కదా. నేను అడిగాను, "నోట్లో పెట్టమంటారా?" ఆయన కళ్లు మూసి నోరు తెరిచారు. ఆసుపత్రిలో నర్సు ముందు తెరవని నోరు.

1546 ఫిబ్రవరిలో చనిపోవడానికి రెండు రోజుల ముందు లూథర్ రాసిన చివరి కాగితంలో "మనం బిచ్చగాళ్లం, ఇది నిజం" అని ఉంది. ఈ మాట నేను సెమినరీలో చదివాను, పరీక్షలో రాశాను. ఆ సాయంత్రం అప్పం ఆయన నాలుక మీద పెడుతుంటే గుర్తొచ్చింది, నా చేతులు వణికాయి.

ఆయనే చూపించిన వాక్యం

ఇంకో వారం తర్వాత నేను వెళ్లేసరికి బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎడమచేత్తో పేజీలు తిప్పి యోహాను 21:18 మీద వేలు పెట్టారు. యేసు పేతురుతో అన్న మాట: యౌవనంలో నీ అంతట నీవే నడుము కట్టుకున్నావు, ముసలివాడవైనప్పుడు "నీ చేతులు నీవు చాచుదువు, వేరొకడు నీ నడుము కట్టి" నీకిష్టం లేని చోటికి తీసుకెళ్తాడు. ఆ వాక్యం పేతురు మరణం గురించి అని సువార్తే చెబుతుంది, అది మాస్టారికీ తెలుసు. అయినా ఆయన తన పంచె ముడి చూపించారు. ఆ కుర్రాడు కట్టిన ముడి. ఆయన వేలు పక్క వచనంలోకి జరిగింది: "నన్ను వెంబడించుము." నేను ఏమీ వ్యాఖ్యానించలేదు. ఈసారి బోధించింది ఆయన.

ఇప్పటి పరిస్థితి

ఇది జరిగి ఏడాదిన్నర. మాస్టారు కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తున్నారు. కుడి చెయ్యి రాలేదు. సొంతంగా ఓ ముప్ఫై మాటల దాకా అంటారు, ఎక్కువగా పేర్లు. డిప్రెషన్ మందు డాక్టరు గారే నెమ్మదిగా తగ్గించి ఆపారు. సంఘం లెక్కలు ఇప్పుడు ఒక కాలేజీ అమ్మాయి రాస్తోంది, నెలాఖరుకు తెచ్చి ఆయనకు చూపిస్తుంది, ఆయన ఎడమచేత్తో టిక్కు పెడతారు.

అన్నీ బాగుపడలేదు. కొన్ని రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వరు, పళ్లెం తోసేస్తారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే వీడియోలో కనపడటానికి ఇష్టపడరు. ఆ విషయంలో నేను ఏమీ చెయ్యలేకపోయాను.

ఈ రాత ఆయనకు చదివి వినిపిస్తున్నప్పుడు కవరు దగ్గర చెయ్యి ఎత్తి ఆపారు. నేను మొదట "సుమారు 18,000" అని రాశాను. అమ్మగారితో ఫైలు తెప్పించి రసీదు చూపించారు. దిద్దాను.

చదవడం అయ్యాక పరలోక ప్రార్థన మొదలుపెట్టాం. "మా అనుదినాహారము నేడు" దగ్గర ఆయన ఆగిపోయారు. ఆ వరస మధ్యలో తెగితే అక్కడి నుంచి అందుకోలేరు, మళ్లీ మొదటికి రావాల్సిందే. అమ్మగారూ నేనూ ఊరుకున్నాం. ఆయన ఊపిరి తీసుకుని, "పరలోకమందున్న మా తండ్రీ" అని మళ్లీ మొదలుపెట్టారు.